ఊరూరా చెల్లెళ్లున్న సత్తయ్య

సత్తయ్య తల్లి కన్నది ఇద్దరు మగపిల్లలను. ఆడపిల్ల లేదన్న దిగులుతోనే ఆమె పోయింది. ఆ లోటును సత్తయ్య ఉద్యోగంలో చేరాక తీర్చుకున్నాడు. ఇప్పుడు ఆయనకు ఇస్నాపూర్‌లో ఒక చెల్లె ఉంది, పటాన్‌చెరులో ఇద్దరున్నారు. సదాశివపేటలో ఒక అక్క, కంది దాటినాక ఒక మేనమామ, జోగిపేట రోడ్డులో ఇద్దరు బావలు. ఇంకా లెక్క ఉంది. వీళ్లలో ఒకరున్న సంగతి ఒకరికి తెలియదు. అందరినీ కలిపేది సత్తయ్య సంచి అడుగున దాచిన కార్డుల కట్ట ఒక్కటే.

సత్తయ్య కుష్ఠు విభాగంలో ఆరోగ్య కార్యకర్త. ముప్పై ఏళ్ల కింద కొత్తగా చేరినప్పుడు జీపులో తిరిగేవాడు. జీపు తలుపు మీద విభాగం పేరు ఎర్రటి అక్షరాలతో రాసి ఉండేది. రెండో నెలలోనే ఆ జీపు ఒక దర్జీ ఇంటి ముందు పది నిమిషాలు ఆగింది. సత్తయ్య మాత్రలిచ్చి, నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చాడు. మరుసటి నెల వెళ్తే ఆ ఇంటికి తాళం. ఊళ్లో ఎవరూ బట్ట ఇవ్వకపోయేసరికి దర్జీ కుట్టుమిషన్ కట్టుకుని ఎటో వెళ్లిపోయాడట. మందు సగంలోనే ఆగిపోయింది. ఆ మనిషికి జబ్బు చేసిన కీడు కన్నా జీపు చేసిన కీడే ఎక్కువని సత్తయ్యకు అనిపించింది. మళ్లీ ఆయన జీపు ఎక్కలేదు. సొంత స్కూటర్ కొన్నాడు. కార్డులూ మాత్రలూ కూరగాయల సంచిలో వేసి, పైన అర్ధకిలో జామపండ్లు పరిచి, చుట్టంలాగా వెళ్లడం మొదలుపెట్టాడు. గడపలో నిలబడి "మంచిగున్నవా చెల్లె" అని చెయ్యి పట్టుకుంటాడు. ఆ చెయ్యి వదిలేలోపు పరీక్ష అయిపోతుంది.

ఈ చుట్టరికాల వల్ల ఆయన పడ్డ తిప్పలు తక్కువేమీ కాదు. ఒకసారి ఆయన అన్న పటాన్‌చెరు మార్కెట్‌కు కూరగాయలు వేసుకొస్తే, ఎవరో "మీ చెల్లె ఇంటి పక్కనే మా కిరాయి ఇల్లు" అని పలకరించారు. అన్న అటు నుంచి అటే సంగారెడ్డి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా తమ్ముడిని నిలదీశాడు.

"నాయినకు ఇంకో ఇల్లు ఉండెనారా? నాకు చెప్పకుంట నువ్వొక్కనివే పోయి వస్తున్నవా? రేపు వాళ్లు పొలంల పాలు అడిగితే ఎవడు చెప్పాలె?"

నిజం చెబితే రోగి పేరు బయటపడుతుంది. సత్తయ్య నీళ్లు నమిలాడు. అన్న ఆ నీళ్లు నమలడాన్నే ఒప్పుకోలు కింద జమకట్టుకున్నాడు. బతికినన్నాళ్లూ పక్కదారి చూడని తండ్రి మీద ఆ నింద అట్లాగే ఉండిపోయింది. సత్తయ్య భార్య అరుణమ్మకు మాత్రం అసలు సంగతి తెలుసు. తెలిసినా ఊరుకునే మనిషి కాదు. "గింతమంది చెల్లెళ్లున్నరు, రాఖీ పున్నానికి ఒక్కతన్న రాదేంది" అని ఏడాదికోసారి దెప్పుతుంది.

కుష్ఠు అంటే జనానికి తెలిసింది మచ్చ. సత్తయ్యకు తెలిసింది నరం. మచ్చ కంటికి కనిపిస్తుంది, మందుతో పోతుంది. నరం అట్లా కాదు. లోపల వాచి, ఒక్కోసారి నొప్పి కూడా లేకుండా, మెల్లగా చచ్చిపోతుంది. ఆ తర్వాత వేళ్లు వంకరపోతాయి. కాలింది తెలియదు, తెగింది తెలియదు. మాత్రలన్నీ మింగేసి జబ్బు నయమైన మనిషికి కూడా ఏళ్ల తరవాత ఈ ముప్పు రావచ్చు. అందుకని నరం మీద ఒక కన్నేసి ఉంచాలి. మోచేతి వెనక, లోపలి వైపు, ఎముక పక్కన ఒక గాడి ఉంటుంది. గోడకో తలుపుకో తగిలితే చిటికెన వేలిదాకా జివ్వుమనే చోటు అది. అక్కడ వేలు పెట్టి అటూ ఇటూ దొర్లిస్తే నరం తగులుతుంది. కుడిది చూడాలి, ఎడమది చూడాలి. ఏది లావుగా ఉంటే అది జబ్బుపడ్డట్టు. వేలు మోచేతి మీద, కన్ను మొహం మీద ఉండాలని ఆయనకు పని నేర్పిన పెద్దమనిషి చెప్పేవాడు. నొప్పిని నోరు దాచినా మొహం దాచదని ఆయన నమ్మకం.

సత్తయ్య ఆ వేలిని కంటికి రెప్పలా చూసుకున్నాడు. కాయలు కాస్తే స్పర్శ పోతుందని సెలవుల్లో ఊరికి వెళ్లినా పార పట్టడు. "మా తమ్ముడు కలెక్టరు" అని అన్న ఎగతాళి చేసేవాడు. కానీ ఆసుపత్రిలో కొత్త డాక్టర్లకు అనుమానం వస్తే సత్తయ్యనే పిలిచి "ఒకసారి మీ వేలు పెట్టండి" అనేవారు. ఆయన దొర్లించి, మొహం చూసి, ఒక్క మాట చెప్పేవాడు. వాళ్లు ఆ మాటే కార్డులో రాసుకునేవారు. ముప్పై ఏళ్లు ఇట్లా జరిగితే ఎవరికైనా కొంచెం తల పైకి లేస్తుంది. సత్తయ్యకూ లేచింది. జీపు ఎక్కనివాడన్న పేరూ, వేలు తప్పనివాడన్న పేరూ ఆయనకు రెండు కళ్లు. ఆ రెండు పేర్లూ కలిసే ఆయనను ముంచాయి.

ఇస్నాపూర్ చెల్లె పేరు సంగమ్మ. నలభై అయిదేళ్లుంటాయి. ముంబయి హైవే పక్కన, కంపెనీ బస్సులు ఆగే చోట, రేకుల పందిరి కింద బండి పెట్టుకుని జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పుట్టిందీ మెట్టిందీ ఆ చుట్టుపక్కలే, కూలి ఇళ్లల్లో. చేలన్నీ షెడ్లయ్యాక కూలి పోయింది, రొట్టె కొట్టే చెయ్యి మిగిలింది. భర్త పెద్దరాములు పైపుల కంపెనీలో వాచ్‌మన్. ఇద్దరూ ఒక వరసలో కట్టిన ఎనిమిది కిరాయి గదుల్లో ఒక దాంట్లో ఉంటారు. బీహారు వాళ్లు, ఒడిశా వాళ్లు, ఆంధ్ర వాళ్లు మిగతా ఏడింటిలో.

మూడేళ్ల కింద ఆమె ముంజేతి మీద రాగిరంగు మచ్చ పడింది. పరీక్ష చేసి సంగతి చెప్పింది సత్తయ్యే. ఏ మనిషైనా ఆ మాట వినగానే బతుకుతానా అని అడుగుతుంది, పిల్లలకు వస్తుందా అని అడుగుతుంది. సంగమ్మ అడిగింది వేరు.

"గీ చేత్తోని చేసిన రొట్టె ఇగ ఎవరన్న తింటరా అన్నా?"

అబద్ధమాడే అలవాటు సత్తయ్యకు చుట్టరికం వరకే. "తెలిస్తె తినరు. మందు షురువైనంక నీ నుంచి ఎవ్వరికి అంటుకోదు. గని ఆ ముచ్చట వాళ్ల తలకెక్కదు" అన్నాడు.

"అయితె ఎవ్వలకు తెల్వనియ్యకు. రొట్టె లేకుంటె నాకు ఇంకేం రాదు."

మాట ఇచ్చాడు. నెలకోసారి జామపండ్లు పట్టుకుని వచ్చి, రొట్టె తిని, మాత్రల అట్ట ఆమె గల్లాపెట్టె కింద పెట్టి పోయేవాడు. పన్నెండు నెలలకు మందు అయిపోయింది. మచ్చ కలిసిపోయింది. ఆ తర్వాత రెండేళ్లుగా నరం చూడడానికి వస్తున్నాడు. అక్కడ రొట్టెలు తినేవాళ్లలో వీర్రాజు అని ఒక గోదావరి మనిషి ఉన్నాడు. క్రేన్ నడుపుతాడు. అన్నం తప్ప మరొకటి ముట్టని మనిషిని షుగరు పట్టుకొచ్చి జొన్నరొట్టె ముందు కూచోబెట్టింది. "ఈయన మీకేమవుతారండీ" అని మొదట్లోనే అడిగాడు. "అన్న వరస" అని సత్తయ్యే జవాబు చెప్పాడు. ఆ రోజు నుంచి వీర్రాజు ఆయనకు బల్ల మీద చోటిచ్చేవాడు.

నిజానికి నరం పరీక్ష అంటే మోచేతి మీద వేలు పెట్టడం ఒక్కటే కాదు. పుల్లలకు గుచ్చిన నైలాన్ దారాలు అయిదు ఉంటాయి, సన్నటి దాని నుంచి లావు దాని దాకా. మనిషిని కళ్లు మూసుకోమని, అరచేతిలోనూ వేళ్ల మీదా చోటుచోటునా ఒక్కో దారం తాకించి, ఎక్కడ తాకిందో చూపించమనాలి. వేళ్ల బలం చూడాలి. రెండు చేతులకూ కలిపి ఇరవై నిమిషాలు పడుతుంది. గది దగ్గర చేద్దామంటే ఎనిమిది గదులకూ ఒకటే వాకిలి. బండి దగ్గర చేద్దామంటే జనం. ఆడమనిషిని కళ్లు మూసుకోమని అరచేతిలో దారాలు పెట్టే అన్న ఏ ఊళ్లోనూ ఉండడు. అందుకని పళ్లెం అందుకునేటప్పుడు ఒక మోచెయ్యి, తిరిగి ఇచ్చేటప్పుడు ఒక మోచెయ్యి చూసేవాడు. రెండూ సమానంగానే తగిలేవి. కార్డు మీద దారాల గడిలో ఇంటికి వెళ్లాక 'మామూలే' అని రాసేవాడు. చెయ్యని పరీక్షను చేసినట్టు రాయడం తప్పు. ఆయనకూ తెలుసు. చెల్లె పరువు కోసం రాస్తున్నాననుకుంటే ఆ తప్పు అంతగా గుచ్చుకునేది కాదు.

ఈ ఏడాది ఎండాకాలం నుంచి సంగమ్మ రొట్టె మారింది. జొన్నపిండి ముద్దను పీట మీద పెట్టి తడుతూ తిప్పుతూ ఉంటే నడిమి భాగం అరచేతి కింద పలచబడుతుంది. అంచు మాత్రం చిటికెన వేలి పక్కన ఉండే చేతి అంచుతో సరిచేయాలి. అది చెయ్యికి తెలిసే పని, కన్నుతో అయ్యేది కాదు. ఆమె రొట్టె ఎప్పుడూ చుట్టూ ఒకే పలచనగా వచ్చేది. ఇప్పుడు ఒక పక్క మందంగా, ఒక పక్క చిరిగి వస్తోంది.

"ఏంటండీ సంగమ్మగారూ, రొట్టె ఇండియా పటంలా వస్తోంది" అన్నాడు వీర్రాజు.

"వయసైతుంది మా చెల్లెకు" అని సత్తయ్య వంత పాడాడు. అందరూ నవ్వారు, సంగమ్మ కూడా నవ్వింది. పెనం మీద కాలుతున్న రొట్టెను ఆమె వట్టి చేత్తో తిప్పుతుంటే, పని చేసి చేసి రాటుదేలిన చెయ్యి అని మెచ్చుకున్నాడు కూడా. మందపాటి అంచు పచ్చిగా ఉంటే పళ్లెం పక్కన పెట్టేవాడు. నాలుగు నెలల పాటు నెలకోసారి, ఆ మనిషి తన కళ్ల ముందున్న సాక్ష్యాన్ని పప్పులో అద్దుకుని తిన్నాడు.

సంగారెడ్డి ఆసుపత్రికి ఆ వానాకాలం హరిచందన అని ఒక చిన్న డాక్టరమ్మ వచ్చింది. స్కానింగ్ చదువు చదివింది. కడుపులోని బిడ్డను చూసే అల్ట్రాసౌండ్‌తోనే, సన్నటి పరికరం పెట్టి, నరం ఎంత వాచిందో కొలవవచ్చని ఆమె చెబితే సత్తయ్య మర్యాదగా విన్నాడు. విన్నాడే గానీ లోపల ఒప్పుకోలేదు. ఇన్నేళ్లూ మిషన్ లేకనే నడిచింది కదా అనుకున్నాడు.

"సత్తయ్యగారూ, ముందు నాకు మంచిగున్న నరం కావాలె. మందు పూర్తయి, ఏ ఇబ్బంది లేని మనిషిని తీసుకొస్తరా? దాంతోని పోల్చుకుంట" అని అడిగింది హరిచందన.

సత్తయ్య ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. తన చేతి మీదుగా నయమైనవాళ్లలో సంగమ్మ కార్డంత శుభ్రమైన కార్డు ఇంకొకటి లేదు. సోమవారం బండి మూసిపెట్టింది. కలెక్టరాఫీసులో పని ఉందని చుట్టుపక్కల చెప్పి, సంగమ్మ బస్సెక్కి వచ్చింది.

మిషన్ చూసి ఆమె బిత్తరపోయింది. "గిది కడుపుల పిల్లను సూసేది గద అన్నా. నాకెందుకు?"

"మోచేతిల పిల్ల ఉన్నదేమొ సూస్తరట" అన్నాడు సత్తయ్య. డాక్టరమ్మ కూడా నవ్వింది.

హరిచందన ఒక పని చేసింది. మిషన్ పెట్టకముందు సత్తయ్యను చూడమంది, ఆయన చెప్పింది కాగితం మీద రాసిపెట్టింది. సత్తయ్య కుడి మోచెయ్యి చూశాడు, ఎడమ మోచెయ్యి చూశాడు. సంగమ్మ మొహం చూశాడు. మొహం చలించలేదు. "రెండు సమానం. మామూలే" అన్నాడు.

అప్పుడు ఆమె చల్లటి జిగురు పూసి, పరికరాన్ని కుడి మోచేతి పైన ఆనించింది. తెర మీద బూడిదరంగు మసకలో ఒక నల్లటి గుండ్రం కనిపించింది. దాని చుట్టూ గీత గీసి కొలిచింది. పదిహేడు అని అంకె పడింది. ఎడమ వైపు కొలిచింది. పదహారు. డాక్టరమ్మ నవ్వడం మానేసింది. ఇంకో మీట నొక్కితే ఆ నల్లటి గుండ్రం లోపల ఎర్రటి చుక్కలు మెరిసి ఆరుతూ కనిపించాయి.

"మంచిగున్న నరానికి ఎంతుండాలమ్మా?" అని అడిగాడు సత్తయ్య.

ఆమె జవాబు చెప్పకుండా "మీ చెయ్యి ఇట్ల పెట్టండి" అంది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, జిగురు పూసి, అదే చోట పరికరం పెట్టింది. తెర మీద గుండ్రం శనగగింజంత ఉంది. ఏడు అని అంకె పడింది. ఎర్ర చుక్కలు లేవు.

"సమానమని మీరు కరెక్టుగనే చెప్పిన్రు. రెండూ సమానంగ వాచినయి. ఆ ఎర్రటి చుక్కలు రక్తం. లోపల వాపు ఇప్పుడు నడుస్తున్నదని గుర్తు. నొప్పి లేదు కాబట్టి ఆమెకు తెలుస్తలేదు" అంది హరిచందన.

సత్తయ్య తన మోచేతి గాడిలో తనే వేలు పెట్టుకున్నాడు. సన్నటి తాడు తగిలింది. మళ్లీ సంగమ్మ మోచేతి మీద పెట్టాడు. రెండేళ్లుగా ఈమె కుడి చేతిని ఈమె ఎడమ చేతితోనే పోల్చాడు తప్ప, ఇంకో మనిషి చేతితో పోల్చలేదు. ఆయనకు నేర్పినవాళ్లు కుడీ ఎడమా చూడమన్నారు. రెండూ కలిసి చెడితే ఏం చేయాలో చెప్పే ఉంటారు. మరిచిపోయింది తనే. మరి నైలాన్ దారాలతో చూసి ఉంటే వాపు తెలియకపోయినా తిమ్మిరి తెలిసేది. ఆ పెట్టె సంచిలో జామపండ్ల కింద రెండేళ్లు ఊరికే తిరిగింది. సత్తయ్యకు సిగ్గేసింది. ఆ సిగ్గు డాక్టరమ్మ ముందు కాదు, జిగురు తుడుచుకుంటున్న సంగమ్మ ముందు.

అక్కడే, ఆ గదిలోనే, దారాల పెట్టె తీశాడు. సంగమ్మ కళ్లు మూసుకుంది. చిటికెన వేలి మీద సన్నటి దారం తాకించాడు. ఆమె పలకలేదు. రెండోది, మూడోది, నాలుగోది. ఆమె ఇంకా మొదలుపెట్టలేదేమో అన్నట్టు కళ్లు మూసుకునే కూచుంది. అన్నిటికన్నా లావు దారం వంగేదాకా ఒత్తితే "ఇగో, ఈడ" అని వేలు చూపించింది. రెండో చెయ్యి కూడా అంతే.

కళ్లు తెరిచి ఆయన మొహం చూసింది. వేలు మోచేతి మీద, కన్ను మొహం మీద అన్న సూత్రం ఈసారి ఆమె వాడింది.

"ఏమైంది అన్నా?"

ఆయన దాచలేదు. నరాలు వాచాయని, తను పట్టుకోలేకపోయానని, దారాలతో చూడకుండానే చూసినట్టు రాశానని వరసగా చెప్పాడు. జనం ముందు నీ పేరు బయటపడుతుందని చూడలేదన్నాడు.

సంగమ్మ తన చేతులను తిప్పి చూసుకుంది. "పెనం కాడ పనిచేసేటోళ్ల చెయ్యి మొద్దువారుతదని నేననుకున్న. నాకు తెల్వది, నేననుకున్న. నీకు తెలుసు గద. నెలనెల వస్తివి, రొట్టె తింటివి, నవ్వితివి" అంది. గొంతు పెంచలేదు. "ఇగ గీ చేతులు పోతయా?"

"ఇప్పుడే మొదలైంది. వాపు తగ్గే మాత్రలు ఆరు నెలలు వాడితే చాలా వరకు నిలబడొచ్చు" అని హరిచందన చెప్పింది. "ఇంకో ఆరు నెలలు ఆలస్యమైతే నేను ఈ మాట చెప్పకపోదును."

షుగరు, బీపీ చూసి ఆ రోజే మాత్రలు మొదలుపెట్టారు. పదిహేను రోజులకోసారి దారాల పరీక్ష తప్పనిసరి అన్నారు. పెనం దగ్గర వట్టి చేతులు పనికిరావన్నారు. ఇంటికి వెళ్తూ ఆమె సత్తయ్యతో మాట్లాడలేదు. జామపండ్ల సంచి ఆయన చేతిలోనే ఉండిపోయింది.

ఆ నెల సత్తయ్య తన చుట్టాలందరినీ ఏదో ఒక వంక చెప్పి సంగారెడ్డి రప్పించాడు. పదకొండు మందిని మిషన్ ముందు కూచోబెట్టాడు. వాళ్లలో జోగిపేట బావ ఒకడికీ, పటాన్‌చెరు చెల్లె ఒకతికీ వాపు బయటపడింది. ప్రతిసారీ హరిచందన ముందు ఆయన మాట కాగితం మీద రాయించుకుంది. తొమ్మిది మంది దగ్గర వేలూ మిషనూ ఒకటే చెప్పాయి. ఆ తొమ్మిదీ ఆయనకు గుర్తులేవు. "వేలు మానెయ్యకండి. మిషన్ ప్రతి ఊరికి రాదు. కాకపోతే దారాలు మానొద్దు" అని డాక్టరమ్మ చెప్పింది. రిటైర్మెంటుకు ఇంకా ఏడాది లేని మనిషికి చిన్నపిల్ల పాఠం చెప్పినట్టుందని అరుణమ్మ అంటే, "చెప్పించుకునే పనే చేసిన" అన్నాడు సత్తయ్య.

సంగమ్మ మొదటి రెండుసార్లు పరీక్షకు సంగారెడ్డి వచ్చింది. వచ్చిన రోజల్లా బండి మూతపడేది. మాత్రల వల్ల మొహం ఉబ్బింది. "ఒళ్లు చేసినవు సంగమ్మక్కా" అని తినడానికి వచ్చినవాళ్లు అంటుంటే తల ఊపేది. మూడోసారి రాలేదు. ఒకరోజు చూశాడు, రెండు రోజులు చూశాడు. మూడో రోజు సాయంత్రం సత్తయ్య స్కూటర్ వేసుకుని ఇస్నాపూర్ వెళ్లాడు. ఈసారి జామపండ్లు కొనలేదు. కొనడానికి మొహం చెల్లలేదు.

జనరల్ షిఫ్టు వదిలిన వేళ. బల్లల మీద పది పన్నెండు మంది ఉన్నారు. వీర్రాజు జరిగి చోటిచ్చాడు. సంగమ్మ పీట మీద రొట్టె కొడుతోంది. పెనం పక్కన కొత్త పట్టకారు ఉంది.

"రాకపోతివేంది చెల్లె" అన్నాడు సత్తయ్య నెమ్మదిగా.

"దినాం బండి బంద్ పెడితె ఎట్ల బతుకుత? నెల రోజులల్ల రెండు దినాలు సంగారెడ్డికే పోయినయి."

"అయితె గది కాడికి పోదామా, జెర సేపు..."

"గది కాడ ఎనిమిది ఇండ్ల కండ్లు." ఆమె రొట్టె తీసి పెనం మీద వేసింది. చేతులకు అంటిన పిండి దులుపుకుంది. కొంగుతో తుడుచుకుంది. ఆ తర్వాత బండి ఈవలకు వచ్చి, సత్తయ్య ఎదుటి బల్ల మీద కూచుని, రెండు అరచేతులూ చాపింది. "ఈడనే సూడు."

సత్తయ్య చుట్టూ చూశాడు. "అందరున్నరు" అన్నాడు.

"ఉండనియ్యి. మూడేండ్లు దాస్తిమి. దాసినందుకు ఏమొచ్చింది?"

ఆయన దారాల పెట్టె తీశాడు. ముప్పై ఏళ్లలో జనం మధ్య ఆ పెట్టె తెరవడం అదే మొదటిసారి. సంగమ్మ కళ్లు మూసుకుంది. మూసుకునే, తినేవాళ్లకు వినబడేలా చెప్పింది. "నాకు మూడేండ్ల కింద కుష్ఠు మచ్చ అచ్చింది. మందు మింగిన, పోయింది. ఎవ్వలకు అంటేది లేదు. నరం వాచిందని ఇప్పుడు సూస్తుండు. తినేటోళ్లు తినుండ్రి, తిననోళ్లు లేసి పోండ్రి."

చివరి బల్ల మీద ఇద్దరు పళ్లాలు కింద పెట్టి, చేతులు కూడా కడుక్కోకుండా వెళ్లిపోయారు. ఇంకొకడు తింటూ తింటూ ఆగి, మింగాలో వద్దో తెలియక అట్లాగే నిలబడ్డాడు. ఆ తర్వాతి వారాల్లో వచ్చేవాళ్లు సగానికి తగ్గారు. తగ్గినవాళ్లలో కొందరు నెల తిరక్కుండానే మళ్లీ వచ్చారు, కొందరు రానే లేదు. అవన్నీ తర్వాతి మాటలు. ఆ క్షణంలో సత్తయ్యకు ఆ చిటికెన వేలు తప్ప ఇంకేమీ కనబడలేదు.

సన్నటి దారం తాకించాడు. ఆమె పలకలేదు. రెండోది తాకించాడు. పలకలేదు. మూడో దారం వేలి కొసన ఆనించి, అది వంగగానే తీశాడు.

"ఈడ" అని సంగమ్మ సరిగ్గా ఆ చోటే చూపించింది.

నమ్మకం కలగక మళ్లీ అదే దారం వేలి అడుగున ఆనించాడు. "ఈడ" అంది. తాకించకుండా ఊరికే ఆగాడు. ఆమె కూడా ఊరికే ఉంది. నెలన్నర కింద అయిదో దారం తప్ప తెలియని వేలు అది. సత్తయ్య కార్డు తీసి, గడిలో మూడు అని అంకె వేశాడు. ఈసారి ఇంటికి వెళ్లాక వేసిన అంకె కాదు.

పెనం మీద రొట్టె మాడు వాసన వచ్చింది. సంగమ్మ లేచి వెళ్లింది. ఇంతసేపూ కదలకుండా చూస్తున్న వీర్రాజు గొంతు సవరించుకున్నాడు.

"అయితే ఈయన మీ అన్నయ్యగారు కాదన్నమాటండీ" అన్నాడు. కోపమేం లేదు. ఇన్నాళ్లూ చోటిచ్చిన మనిషి ఎవరో తెలుసుకోవాలని అడిగాడు.

సత్తయ్య కాదనడానికే నోరు తెరిచాడు. నిజం చెప్పే రోజు వచ్చింది కదా, అది కూడా చెప్పేద్దామనుకున్నాడు.

"ఎందుకు కాడు? మా అన్ననే" అంది సంగమ్మ, పట్టకారుతో రొట్టె తిప్పుతూ. "కుష్ఠు ఆఫీసుల నౌకరి చేస్తడు."